చింగ్ చైనాలో పోస్టింగు రాని అధికారులు ఎలా బతికేవాళ్లు?

చింగ్ వంశం నాటి చైనా గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. ప్రభుత్వ కొలువుల పరీక్ష గట్టెక్కినా, డబ్బు కట్టి హోదా కొనుక్కున్నా పోస్టింగు వెంటనే వచ్చేది కాదు. బీజింగ్‌లో నియామకాల శాఖ ఎవరికి ఏ చోటో తేల్చడానికి వెదురు పుల్లలతో చీటీ తీసేది (చింగ్‌కు ముందున్న మింగ్ వంశం కాలంలో, 1594లో మొదలైన పద్ధతే!). సొంత రాష్ట్రం మాత్రం ఇచ్చేవాళ్లు కాదు. చింగ్ పాలనపై లేచిన తైపింగ్ తిరుగుబాటును (1851-64) అణిచే ఖర్చుల కోసం హోదాలు తెగ అమ్మాక క్యూ ఇంకా పెరిగింది. నెత్తిన హోదా టోపీ ఉంది, చేతిలో కుర్చీ లేదు. మరి ఏళ్ల తరబడి ఇల్లెలా గడిచేది? అప్పులేనా? గవర్నరు దగ్గర దొరికే తాత్కాలిక పనులకు డబ్బులు బాగానే వచ్చేవా, లేక వాటికీ సిఫార్సులు కావాలా? అలా ఎదురుచూసినవాళ్లు రాసుకున్న డైరీలు ఇంగ్లీషులో దొరికితే పేర్లు చెప్పగలరా?