‘కడబంతి’ అంటే బంతి చివరా, ఆఖరి బంతా?

ప్రశ్న (కావలి): “వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదు” అంటాం కదా. కడబంతి అంటే వరసలో చిట్టచివరి ఆకా, అందరూ తిని లేచాక వేసే ఆఖరి బంతా? పెద్దలు చెప్పండి.

ఒంగోలు: ఆఖరి బంతే అండీ. కడసారి, కడచూపు, కడగొట్టు బిడ్డ, అన్నిట్లోనూ ‘కడ’ అంటే చివరిదనే. పంక్తికి వికృతి బంతి. పంక్తి అంటే వరస. వాడుకలో బంతి అంటే ఒక విడతలో కూర్చున్నవాళ్లంతా. నాలుగు వరసలు వేసినా “మొదటి బంతి లేచింది, ఆకులు తియ్యండి” అనే అంటాం.

కందుకూరు: అన్నా, కడగంటి చూపు సంగతేంటి? కడకన్ను అంటే ఆఖరి కన్ను కాదు, కంటి కొస. ఆ లెక్కన కడబంతి బంతి కొస కూడా కావచ్చు. వ్యాకరణం ఒక్కటే దీన్ని తేల్చదు.

నెల్లూరు: నిజమే, వడ్డన తేలుస్తుంది. అందరి ఆకుల్లో అన్నం, నెయ్యి పడ్డాకే ముద్ద ఎత్తడం పాత మర్యాద. కాబట్టి వరస చివరివాడికి పోయేదేం లేదు. అవే గిన్నెలు, అదే వేడి.

నష్టమంతా ఆఖరి బంతికే. పప్పు చల్లారేకొద్దీ బిగుస్తుంది. వేడినీళ్లు పోసి జారు చేస్తారు, ఉప్పు సరిచూడరు, చప్పబడుతుంది. వేపుడు మీద మూత పెడితే ఆవిరికి మెత్తబడుతుంది. పులుసు ముక్కలు అడుక్కి దిగుతాయి. కలపకుండా పైపైన ముంచితే మొదటి బంతికి ఉత్త పులుసు, కడబంతికి చితికిన ముక్కలు. ప్రతి ఆకుకీ గరిటె అడుగునుంచి తిప్పి తియ్యాలి. చారు అలా కాదు, తేట ముందు పోతుంది, మడ్డి మిగులుతుంది. నెయ్యి మనిషికి 5 మిల్లీలీటర్ల చెంచా చొప్పున 100 మందికి అర లీటరు. తొలిబంతిలో చెయ్యి జారి రెండేసి చెంచాలు పడ్డాయా, 50 మందితోనే సరి! అందుకే బంతికింతని నెయ్యి, బూరెలు ముందే విడదీసి పెట్టాలి. అలా పెట్టనిచోటే “మనవాడు” అక్కరకొస్తాడు, మన వాటా దాచి ఉంచుతాడు గనక.

కందుకూరు: ఒప్పుకుంటా. మరి “బంతిలో వలపక్షం” అనే మాట?

నెల్లూరు: అది వేరు. ఒకే బంతిలో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ వెయ్యడం, పంక్తిభేదం. అరటాకు కొస అందరికీ ఎడమకే ఉండాలి, ఒకరికి పడ్డ వంటకం అందరికీ పడాలి. పక్కాకు చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది. బంతిభోజనానికి ఉన్న గౌరవమంతా ఆ సమానత్వంలోనే ఉంది. దాన్ని తప్పడం తిండి తక్కువ కావడం కన్నా పెద్ద అవమానం.

కావలి: ‘కడపంక్తి’ అని రాస్తే తప్పా?

ఒంగోలు: తప్పు కాదు, ఆ పాఠమూ ఉంది. కానీ మనవైపు నోటిమాట కడబంతే. కలిపి ఒకే మాటగా రాయండి.