కర్నూలు వీధుల్లో ఫోటోలు తీస్తున్నాను, అన్నీ ఎవరో తీసినట్టే ఉన్నాయి

హంద్రీగట్టు:

అందరికీ నమస్తే. మాది కర్నూలు పాతబస్తీ. మందుల ఏజెన్సీలో బిల్లింగ్ పని చేస్తాను. పొద్దున డ్యూటీకి ముందు, ఆదివారాల్లో కెమెరా మెడలో వేసుకుని తిరుగుతుంటాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న నికాన్ డి5300, దాంతో వచ్చిన 18-55 జూమ్ లెన్స్ (18లో వెడల్పుగా, 55లో దగ్గరగా కనపడుతుంది), అంతే నా సామాను.

ఎక్స్‌పోజర్ (ఫోటోలో వెలుగు ఎంత పడాలన్నది), ఫోకస్ లాంటివి ఒక మాదిరిగా చేతికొచ్చాయి. బాధ అది కాదు. మొన్న హార్డ్ డిస్క్ నిండిపోతే ఏవి తీసేద్దామా అని పాతవన్నీ ముందేసుకుని కూర్చున్నాను. కొండారెడ్డి బురుజు వెనక పొద్దు కుంకడం, తలపాగా తాత చుట్ట కాల్చడం, రాజ్‌విహార్ దగ్గర వాన నీళ్లలో లైట్లు, బెలూన్లు అమ్మే పిల్లోడు. చెడ్డగా ఏమీ లేవు. కానీ ఇన్‌స్టాలో ఏ ఊరి పేజీ తెరిచినా ఇవే. కింద పేరు తీసేస్తే నావేవో మా అమ్మ కూడా చెప్పలేదు.

ఇంకోటి, మనుషుల దగ్గరికి పోవాలంటే టెన్షన్. జూమ్ 55కి తోసి రోడ్డు అవతల నుంచే నొక్కేస్తాను. ఈసారి దసరాకు సెలవు పెట్టి దేవరగట్టు బన్నీ ఉత్సవానికి (రాత్రిపూట జరిగే కర్రల సమరం) పోతే మంచి ఫోటోలు వస్తాయని ఫ్రెండ్స్ అంటున్నారు. సెలవు పెట్టాలా, ఆ డబ్బుతో లెన్స్ కొనాలా? నాదంటూ ఒక చూపు ఎలా వస్తుంది?

బుల్లెట్_బళ్లారిరోడ్డు:

35 ఎంఎం 1.8 లెన్స్ కొనెయ్ బ్రో. వెనకంతా బ్లర్ అయి ఫోటో అదిరిపోద్ది. మిగతావి వాటంతటవే వస్తాయి.

పాతస్టూడియో_కడప:

పై తమ్ముడి మాటకు నేను అడ్డం. వెనకున్నదంతా కరిగిపోతే ఇంక కర్నూలు యాడ కనపడుతుంది? మొహం ఒక్కటే కావాలంటే స్టూడియోలో పరదా ముందు కూర్చోబెట్టి తీసుకోవచ్చు. నేను వయసంతా అదే తీసి, స్టూడియో కొడుకుకు అప్పగించి, ఇప్పుడు నాకోసం రోడ్డు మీద పడ్డాను.

ముందు నీ టెన్షన్ సంగతి. లెన్స్ 18 దగ్గర పెట్టు. జూమ్ రింగుకు కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు చుట్టెయ్, మళ్లీ దాని జోలికి పోవద్దు. అపర్చర్, అంటే లెన్స్ లోపలి రంధ్రం, 8 దగ్గర పెట్టు. రెండు మీటర్ల దూరంలో ఉన్న దేనిమీదైనా ఫోకస్ చేసి, లెన్స్ పక్కనున్న మీటను ఎం (మాన్యువల్) వైపు జరుపు, ఫోకస్ ఇక దానంతటది కదలదు. నీ కెమెరాలో ఉన్న సెన్సార్ సైజుకు మీటరు దూరం నుంచి అవతల కనపడినంత మేరా దాదాపు అన్నీ స్పష్టంగానే పడతాయి. షటర్ వేగం సెకనులో 1/500 వంతు, ఐఎస్ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) ఆటో. ఇక కంటికి ఆనించుకుని వెతుక్కునే పని లేదు. జనానికి అనుమానం తెప్పించేది ఆ వెతుకులాటే కదప్పా. కెమెరా ఎత్తడం, నొక్కడం, దించడం, అంతే. 18తో మనిషి ఫ్రేములో నిండుగా పడాలంటే నువ్వే దగ్గరికి పోవాలి, వేరే దారి లేదు. నాలుగు రోజులు భయం ఉంటుంది. ఒకే చోట ఎక్కువసేపు నిలబడితే వాళ్లకే విసుగు పుట్టి నిన్ను వదిలేస్తారు. "ఏం బ్బీ, పేపరోడివా?" అని అడుగుతారు. కాదు, ఊరికే తీసుకుంటున్నా అని చెప్పు. "ఊరికేనా?" అని నవ్వి పని చూసుకుంటారు.

దేవరగట్టుకు పోవద్దని అనను. చూడాల్సిందే. కానీ కాగడాలు, గాల్లోకి లేచిన కర్రలు ఉన్న ఫోటో నువ్వు బస్సు ఎక్కకముందే నీ తలలో తయారై ఉంది, పోయి నొక్కి రావడమే మిగిలింది. మా దేవుని కడపలో ఉగాదీ అంతే. ఆ రోజు ముస్లింలు గుడికొచ్చి కొబ్బరికాయ కొట్టి పోతారు. మాకెంతో గొప్ప సంగతి. కెమెరాలన్నీ మాత్రం ఒకేచోట గుంపుగా నిలబడి ఒకటే ఫోటో తీస్తాయి. కిందటిసారి నేను వాకిలి వదిలేసి బయట చెప్పుల దగ్గర నిలబడ్డాను. గొప్ప ఫోటో ఏం రాలేదు గానీ, పక్కోడు తీసిందైతే రాలేదు.

చూపు సంగతికొస్తే, అది కొత్త ఊళ్లకు పోతే వచ్చేది కాదని నా నమ్మకం. ఇంతకాలం తీసినవాటిలోనే ఎక్కడో పడి ఉంటుంది. నేను ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల బజార్లు దాటి పోను. ఒక ఎండాకాలం తీసినవన్నీ ఫోర్ బై సిక్స్ ప్రింట్లు వేయించి మిద్దె గదిలో నేలమీద పరిచాను. నాకే తెలియకుండా చాలా ఫోటోల్లో ఒకటే సంగతి: సగం దించిన షట్టర్లు. మా ఎండలు మీకు చెప్పేదేముంది, మధ్యాహ్నం అంగళ్లవాళ్లు షట్టరు నడుము దాకా దించుకుని లోపల కునుకు తీస్తారు. బయటికి కాళ్లు, చెప్పులు, ఒక స్టీలు క్యారియరు కనపడతాయి. లోపలికి పోవాలంటే సేటైనా, టీ పిల్లోడైనా వంగాల్సిందే. ఆ వంగడం ఒక్కొక్కరిది ఒక్కో తీరు. ముసలాయన ముందు చెయ్యి పెట్టి తడుముకుని దూరతాడు. పిల్లోడు టీ గ్లాసుల స్టాండు ముందు లోపలికి తోసి, తర్వాత తాను దూరతాడు. ఇది నేను అనుకుని తీసింది కాదు. తెలిశాక కావాలని తీశాను, కొన్నాళ్లు అన్నీ చప్పగా వచ్చాయి. ఆ దశ వస్తుంది, వదిలిపెట్టొద్దు.

కాబట్టి డిస్క్ ఖాళీ చేయకు. ప్రింట్లు వేయించు. బాగున్నవి ఏవి అని వెతకొద్దు, పదేపదే ఏం వస్తోందో చూడు. తీసిన వెంటనే మాత్రం ఏరొద్దు. ఆరోజు ఎండలో పడిన కష్టం, ఎవరో తిట్టిన తిట్టు, అన్నీ ఫోటోలో ఉన్నట్టే అనిపిస్తాయి. అమెరికాలో గ్యారీ వినోగ్రాండ్ అనే వీధి ఫోటోగ్రాఫర్ అందుకే రీళ్లను చాలాకాలం కడగకుండా పక్కన పెట్టేవాడు. మరీ ఆయనలా కావద్దు, 1984లో పోయేనాటికి కడగని రీళ్లే 2,500 దాకా మిగిలాయి.

రఘుబీర్ సింగ్ ఫోటోలు వెతుక్కుని చూడు. అంబాసిడర్ కారు తలుపులు, కిటికీలు, అద్దాలు వీటినే ఫ్రేములుగా పెట్టుకుని దేశమంతా రంగుల్లో తీశాడాయన. ఒక పాత కారుతో అంత పని జరిగింది. నీకు 18 చాలు.

టవర్‌క్లాక్_అనంత:

స్టూడియో అన్నా, ప్రింట్ల మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ "ఎత్తడం, నొక్కడం, దించడం" మగవాళ్లకు కుదిరినట్టు మాకు కుదరదు, అందరి దగ్గరా మంచిది కూడా కాదు. నేను ఫోన్‌తోనే తీస్తాను, అనంతపురం పాతూరు పూల అంగళ్ల దగ్గర. అడిగే తీస్తాను. అడిగితే ఫోటో చచ్చిపోతుందని అందరూ అంటారు. మొదటిది చచ్చిపోతుంది, నిజమే. కొంగు సర్దుకుని, మాల చేతిలో పట్టుకుని, బడి గ్రూప్ ఫోటోలో లాగా బిగుసుకుంటారు. అదొకటి తీసి చూపించి, అక్కడే కూర్చోవాలి. కాసేపటికి బేరం వస్తుంది, నన్ను మరిచిపోతారు.

మూర కొలవడం ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? వేలి కొస నుంచి మోచేతి దాకా దండ పరుస్తారు కదా, చివర్లో మోచెయ్యి కొంచెం లోపలికి మడుస్తారు, మూర రెండు పూలు తగ్గుతుంది. కొనే ఆమె కళ్లు సరిగ్గా ఆ మోచేతి మీదే ఉంటాయి. కనకాంబరాలు పిరమైన రోజుల్లో ఆ చూపు ఇంకా పదునుగా ఉంటుంది. ఇద్దరి మొహాలూ ఒక్క ఫ్రేములో పట్టడానికి నేనింకా తంటాలు పడుతున్నా. దూరం నుంచి జూమ్‌లో ఇది జన్మకి దొరకదు.

ఎవరైనా వద్దంటే వాళ్ల ముందే డిలీట్ చేయండి. పిల్లల ఫోటోలు పెద్దవాళ్లను అడగకుండా నెట్‌లో పెట్టకండి. ప్రింటు తీసి ఇస్తే మళ్లీసారి కూర్చోవడానికి పీట వేస్తారు.

వెలుగు గురించి ఎవరూ చెప్పలేదు. తూర్పు పడమరగా ఉన్న వీధి చూసుకోండి. చలికాలం ఎండ దక్షిణం నుంచి వాలుతుంది కాబట్టి ఉత్తరం వరుస అంగళ్ల మొహాన పగలంతా పడుతుంది, ఎదుటి వరుస నీడలో ఉంటుంది. వెలుగులో ఉన్నవాళ్లకు సరిపోయేలా ఎక్స్‌పోజర్ తగ్గిస్తే నీడ వైపు చెత్తంతా నల్లగా మునిగిపోతుంది.

హంద్రీగట్టు:

అన్నకు, అక్కకు చాలా థ్యాంక్స్. టేపు రాత్రే చుట్టేశాను. పాతవి మళ్లీ చూస్తే బురుజు, తాత కాదు గానీ, మార్కెట్ యార్డులో ఎర్రగడ్డల (ఉల్లిగడ్డల) వేలం దగ్గర ఊరికే తీసినవి కొన్ని ఆగి చూడాలనిపించాయి. హమాలీ చెమట పట్టిన భుజానికి ఎర్రగడ్డ పొట్టు అతుక్కుని ఉంది, వెనక రైతు అటు చూడకుండా ఫోన్‌లో ఎవరికో రేటు చెబుతున్నాడు. తీసినప్పుడు ఆ రైతును నేను చూడనే లేదు. దసరాకు సెలవు పెట్టను, రోజూ డ్యూటీకి ముందు యార్డుకు పోతాను. ఒక్క డౌటు: అక్కడ నీలం పట్టలు కట్టి ఉంటారు, కింద అందరి మొహాలూ నీలంగా పడుతున్నాయి. బ్లాక్ అండ్ వైట్ చేసేయనా?

పాతస్టూడియో_కడప:

నీలం బాగాలేదని బ్లాక్ అండ్ వైట్ చేస్తే ఎర్రగడ్డల ఎరుపు కూడా పోతుంది కదప్పా. పట్ట అంచు దగ్గర నిలబడు, బస్తా ఎత్తుకుని మనిషి ఎండలోకి వచ్చే ఆ ఒక్క అడుగు దగ్గర సగం మొహం మామూలు రంగుకు వస్తుంది. రా ఫైల్ (కెమెరా మార్చని ముడి ఫోటో) తీయి, వైట్ బ్యాలెన్స్, అంటే రంగుల సర్దుబాటు, ఎండకే పెట్టి వదిలెయ్. లోపలున్నవాళ్లు నీలంగానే ఉండనీ, వాళ్లు పొద్దంతా ఉండేది ఆ నీలంలోనే. ల్యాబ్‌లో ప్రింటు వేసే అబ్బాయికి మాత్రం రంగు ముట్టుకోవద్దని ముందే చెప్పు. లేకుంటే కష్టపడి అందర్నీ తెల్లగా చేసి ఇస్తాడు.