‘ప్రేమించిన’ అనాలా, ‘ప్రేమించే’ అనాలా? ఒక పుస్తకపు చీటీ మీద చర్చ

ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. బాగ్‌లింగంపల్లిలో మేము పదిమంది స్త్రీలం నెలకొకసారి కలిసి పుస్తకాలు ఇచ్చిపుచ్చుకుంటాము. పుస్తకం దేని గురించో చెప్పే రెండు వాక్యాల చీటీని అట్ట లోపల అంటించడం నా పని. ఈమధ్య ఉర్దూ రచయిత్రి ఇస్మత్ చుగ్తాయ్ కథల సంపుటి ఒకటి, కమలాదాస్ మలయాళ రచన ‘చందనమరంగళ్’ అనువాదం ఒకటి మా దగ్గరికి చేరాయి. రెండవదాని మీద ఎవరో అంతకుముందే ‘ఇద్దరు స్నేహితురాళ్ల కథ’ అని రాసి ఉంచారు. ఆ మాట నమ్మి తీసుకువెళ్లిన ఒకావిడ మరుసటి నెల ముఖం ముడుచుకుని తిరిగి ఇచ్చారు. సరిగ్గా అలాంటి కథ కోసమే ఏడాదిగా వెతుకుతున్న అమ్మాయి మాత్రం అదే చీటీ చదివి పుస్తకాన్ని పక్కన పెట్టేసింది. ‘స్వలింగ సంపర్కుల కథ’ అని దిద్దబోతే చేయి ఆడలేదు. ‘లెస్బియన్’ అందామంటే, తెలుగు లిపిలో ఆ మాట కొట్టి కథలు వెతికినవారి ముందు ఎలాంటి సరుకు వచ్చి పడుతుందో నేను చెప్పనక్కరలేదు. స్త్రీలను ప్రేమించిన స్త్రీల పుస్తకాలను పరిచయం చేయడానికి మనకు మర్యాదైన మాట ఏది?

జవాబు (చిక్కడపల్లి నుంచి, గ్రంథాలయ ఉద్యోగం నుంచి విరమించినవారు):

అమ్మా, మీ చీటీని చిన్న విషయం అనుకోవద్దు. గ్రంథాలయాల్లో పుస్తకాలను అంకెలతో వర్గీకరించే డ్యూయీ పద్ధతిలో ఈ విషయం మీద వచ్చిన అధ్యయనాలకు 306.7663 అనే సంఖ్య ఉంది కానీ, కథలూ నవలలూ అక్కడికి చేరవు. తెలుగు నవల 894.827 కిందికి, మలయాళ నవల 894.812 కిందికి వెళ్లిపోయి, వేలాది ఇతర నవలల మధ్య నిలబడతాయి. కనుక వెతికేవారికి దారి చూపేది ఆ పరిచయ వాక్యం ఒక్కటే.

‘సంపర్కం’ తప్పు మాట కాదు, చోటు తప్పిన మాట. భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ ఒక చర్యను నేరంగా చూసింది కాబట్టి, 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు గురించి చెప్పేటప్పుడు ‘స్వలింగ సంపర్కం’ అనడంలో అర్థం ఉంది. ఆ కోర్టు మాటను మనం పుస్తక పరిచయంలోకి తెచ్చుకున్నాము. భార్యాభర్తల అన్యోన్యత మీద వచ్చిన నవలను ‘భిన్నలింగ సంపర్క నవల’ అని ఎవరైనా పరిచయం చేయగా చూశారా? స్త్రీలనూ పురుషులనూ కూడా ప్రేమించగల స్త్రీకి వాడుతున్న ‘ద్విలింగ’ మరీ ఇబ్బంది. మన పాఠ్యపుస్తకాల్లో కేసరాలూ అండకోశమూ ఒకే పువ్వులో ఉంటే అది ద్విలింగ పుష్పం. మందారం ద్విలింగం, గుమ్మడిపువ్వు ఏకలింగం. ఇంగ్లీషు వారు పువ్వుకూ మనిషికీ ఒకే మాట వాడుకుంటే, మనం ఆ మనిషిని కూడా పూలకుండీలో పెట్టాము. ‘చెలి’ అందమైన మాటే కానీ, ప్రబంధంలో సఖి, సినిమా పాటలో ప్రియురాలు. ఆ రెండర్థాల చాటున మీ చీటీ మళ్లీ ‘స్నేహితురాళ్ల’ దగ్గరికే జారుతుంది.

మీరు ప్రశ్న చివర యథాలాపంగా రాసిన ‘స్త్రీలను ప్రేమించిన స్త్రీలు’ దాదాపు సరిపోయింది. ఒక్క ప్రత్యయం మార్చాలి. ‘ప్రేమించిన’ భూతకాలిక విశేషణం కనుక ఆ ప్రేమ ఎప్పుడో జరిగి ముగిసిన సంగతి అవుతుంది. ‘ప్రేమిస్తున్న’ ఈ క్షణానికే కట్టుబడుతుంది. ‘ప్రేమించే’ తద్ధర్మార్థక విశేషణం; అది కాలంతో నిమిత్తం లేకుండా స్వభావాన్ని చెబుతుంది. ఎగిరే పక్షి కొమ్మ మీద కూర్చున్నప్పుడు కూడా ఎగిరే పక్షే కదా. ‘చందనమరంగళ్’లోని స్త్రీలకు పురుషులతో పెళ్లిళ్లవుతాయి, ఏళ్లు గడుస్తాయి, ఆ అనుబంధం మాత్రం వారిని వదలదు. అక్కడ ‘ప్రేమించిన’ అని రాస్తే పెళ్లితో అంతా సర్దుకుందని మీరే తీర్పు చెప్పినట్లవుతుంది. పురుషుణ్ని పెళ్లాడినంత మాత్రాన స్త్రీలను ప్రేమించే స్వభావం చెరిగిపోదని ఆ చివరి ఏకారం చెబుతుంది.

మరొక సభ్యురాలు (మలక్‌పేట నుంచి, ఉర్దూ అధ్యాపకురాలు):

మాస్టారి వ్యాకరణం నాకు నచ్చింది, అయితే చుగ్తాయ్ ‘లిహాఫ్’ (రజాయి) కథ దగ్గర ధాతువును గురించి కూడా ఆలోచించాలి. 1942లో వెలువడిన ఆ కథలో, చిన్నపిల్లగా తాను చూసినదాన్ని ఒక స్త్రీ చెబుతుంది. బేగం జాన్‌కూ రబ్బోకూ మధ్య ఉన్నదాన్ని ఏమంటారో ఆ పిల్లకు తెలియదు. రాత్రిపూట గోడ మీద రజాయి నీడ ఏనుగులా కదలడం మాత్రమే తెలుసు. (దయచేసి ‘దుప్పటి’ అని అనువదించకండి. మన ఊళ్లో అందరికీ తెలిసిన రజాయి ఉండగా, పలచటి దుప్పటికి ఏనుగంత నీడ ఎక్కడిది?) అశ్లీలమని లాహోరులో కేసు నడిచినప్పుడు, తప్పుపట్టదగిన మాట చూపించమంటే సాక్షి ‘ఆశిక్’ (ప్రేమికుడు) అన్న మాటను పట్టుకున్నాడని చుగ్తాయే రాశారు, ఆ కేసు నిలవలేదు. అయితే అందులో ఉన్నది ప్రేమేనా? భర్త పట్టించుకోని భార్య ఒంటరితనం, యజమానురాలికీ పనిమనిషికీ మధ్య ఉండే ఎక్కువతక్కువలు, పక్కన పడుకున్న పిల్ల భయం, అన్నీ ఉన్నాయి. ‘ప్రేమించే’ అని చెప్పి ఇస్తే తియ్యటి కథ కోరుకున్న పాఠకురాలు మళ్లీ మోసపోతుంది. అక్కడ ‘కోరుకునే’ అనండి. అది కూడా తద్ధర్మార్థకమే.

స్త్రీల గొంతుతో, వారి వాడుక భాషలో రాసిన ఉర్దూ కవిత్వమైన రేఖ్తీలో స్త్రీ తన ఆత్మీయురాలిని పిలిచే ‘దోగానా’ను సూచిద్దామనుకుని మానుకున్నాను. రేఖ్తీ రాసినవారు ఎక్కువగా పురుషులే. పైగా ఆ మాటను ఈనాడు విడమరచి చెప్పడానికి ఇంకో చీటీ కావాలి.

ప్రశ్న అడిగినవారు:

మాస్టారికీ మేడమ్‌గారికీ కృతజ్ఞతలు. పాత చీటీ ఊడదీసి ‘చందనమరంగళ్’ మీద ఇలా రాశాను: ‘స్త్రీని ప్రేమించే స్త్రీ కథ. పురుషులతో పెళ్లిళ్లయ్యాక కూడా వదలని అనుబంధం.’ చుగ్తాయ్ సంపుటి మీద: ‘ఇందులోని లిహాఫ్, స్త్రీని కోరుకునే స్త్రీని ఒక చిన్నపిల్ల కళ్లతో చూపిన కథ. పిల్ల భయపడే ఘట్టం ఉంది.’ రెండింటి అడుగునా చిన్న అక్షరాలతో ‘లెస్బియన్, బైసెక్సువల్’ అని కూడా చేర్చాను, ఎందుకంటే ఆ అమ్మాయి ఏడాదిగా వెతుకుతున్నది ఆ మాటలతోనే.