శ్రీలంక ఈటీఏలో (ఆన్‌లైన్‌లో ముందే తీసుకునే ప్రయాణ అనుమతిలో) అమ్మ పాత పాస్‌పోర్టు నంబర్ పడింది, ఏం చేయాలి?

మాది కావలి. దసరా సెలవుల్లో అమ్మని, పిల్లల్ని తీసుకుని చెన్నై నుంచి కొలంబో వెళ్తున్నాం. నువర ఎలియ దగ్గర సీతమ్మ గుడి చూడాలని అమ్మకి ఎప్పటినుంచో కోరిక.

ఈటీఏలన్నీ ఏజెంటే తీశాడు. ప్రింటు పక్కన పాస్‌పోర్టు పెట్టి చూస్తే, అమ్మదాంట్లో రెన్యువల్‌కి ముందున్న పాత నంబర్ ఉంది. పేరు, పుట్టినతేదీ కరెక్టే. "ఏం కాదులే అన్నా, పాతది కూడా ఎత్తుకోని పోండి" అంటున్నాడు. నాకు నమ్మకం లేదు. ఈటీఏ ఇచ్చేదే పాస్‌పోర్టు నంబర్ మీద కదా, చెన్నైలో చెకిన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తే పెద్దావిడ బాధ చూడలేను.

ఉన్నదాన్ని సరిచేయించుకోవచ్చా, లేక కొత్తగా అప్లై చేయాలా? ఇంకోటి, అమ్మ పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. ఇంటిపేరుతో సహా అంతా గివెన్ నేమ్‌లోనే ఉంది. కొత్త ఫారంలో ఆ గడిలో ఏం రాయాలి? ఈమధ్య ఇలా చేయించుకున్నవాళ్ళు దయచేసి చెప్పండి.