పాటల రికార్డింగు: స్టూడియో కుదరదన్నారు, మైకు సంగతి వెంటనే తేలాలి

సుధ (శుక్రవారం రాత్రి)
అందరికీ నమస్కారం. ఇందాకే స్టూడియో వాళ్ల మెయిల్ వచ్చింది. మనకిచ్చిన రెండు శనివారాలూ రద్దు చేశారు. అడ్వాన్సు తిరిగిస్తారట, కానీ మన కార్యక్రమం అయిపోయాక. హాలు వాళ్లేమో పాటల ఫైళ్లు 20వ తేదీలోపు చేతికి రావాలంటున్నారు. స్టేజి మీద లైవ్ పాట కుదరదని ముందే చెప్పారు కదా. అంటే మనమే ఎవరో ఒకరింట్లో రికార్డు చేసుకోవాలి. పాడేవాళ్ల టైములు మాధవి, వెనకాల మోగే సంగీతం ట్రాకులు వేణు, వ్యాఖ్యానం ప్రసాద్ గారు, స్టేజి అలంకరణకి ఇంకా మనిషి కావాలి. రవీ, మైకు ఏది కొనాలో రేపటికల్లా చెప్పు. చేతిలో ఉన్న డబ్బు చాలా తక్కువ.

వేణు
రవన్నా, యూఎస్‌బీ కండెన్సర్ మైకు (సన్నటి శబ్దాన్నీ పట్టే రకం) ఒకటి తెప్పిద్దాం. ల్యాప్‌టాప్‌కి గుచ్చితే చాలు, వేరే పెట్టె అక్కర్లేదు. ఇంకా చవగ్గా బీఎమ్-800 అని స్టాండుతో సహా సెట్టు దొరుకుతోంది.

రవి
బీఎమ్-800 వద్దు వేణూ. ఆ పేరుతో ఎవరెవరో చేసి అమ్ముతున్నారు, ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు. గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే నాబ్) పెంచగానే వెనకాల బుస్సుమనే శబ్దం మొదలవుతుంది. పాట నెమ్మదిగా సాగేచోట అది దాచలేం.

యూఎస్‌బీ మైకు ఒక్కరు మాట్లాడ్డానికి బాగానే ఉంటుంది. మనకి యుగళగీతాలు ఉన్నాయి. రెండు యూఎస్‌బీ మైకులు ఒకే ల్యాప్‌టాప్‌కి పెడితే దేని గడియారం దానిదే, పాట సాగేకొద్దీ రెండు గొంతులూ ఒకదానికొకటి కలవకుండా ముందూ వెనకా అయిపోతాయి. అదే ఎక్స్‌ఎల్ఆర్ (మూడు పిన్నుల కేబులుతో తగిలించే) మైకు కొంటే, దాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె, అంటే ఆడియో ఇంటర్‌ఫేస్, మార్చినా మైకు ఉంటుంది, రెండో మైకు ఎప్పుడైనా కలుపుకోవచ్చు. కాకపోతే కండెన్సర్‌కి కరెంటు కావాలి. ఇంటర్‌ఫేస్ మీద 48వీ అని రాసి ఉండే బటన్ అందుకే. అది లేని మిక్సర్‌కి తగిలిస్తే మైకు మూగది.

నా మాట ఆడియో-టెక్నికా ఏటీ2020. చవకలో నమ్మదగ్గది. దీని సొంత రొద, అంటే ఎవరూ పాడకపోయినా మైకు తనంతట తాను చేసేది, 20 డెసిబెల్స్. రోడ్ కంపెనీ ఎన్‌టీ1 మైకు అయితే 4.5 మాత్రమే, కాగితం మీద చూస్తే చాలా తేడా. కానీ రాత్రిపూట నిశ్శబ్దంగా ఉందనుకునే పడగ్గదిలోనే 30 డెసిబెల్స్ దాకా రొద ఉంటుంది. మనవాళ్లు జానెడు దూరంలో గొంతెత్తి పాడతారు. గది రొద ముందు మైకు రొద వినపడదు. ఎక్కడో దూరంగా పెట్టి వీణ లాంటిది రికార్డు చేస్తే అప్పుడు ఎన్‌టీ1 కావాలంటాను. ఇప్పుడు వద్దు.

ఇంకో మాట. బడ్జెట్ అంతా మైకు మీదే పెట్టేయకండి. స్టాండు, పాప్ ఫిల్టర్ (నోటి గాలి మైకుకి కొట్టకుండా ఆపే తెర), ఎక్స్‌ఎల్ఆర్ కేబులు, ఇంటర్‌ఫేస్, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు, ఇవన్నీ కలిపితేనే రికార్డింగు.

సుధ
అవన్నీ కలిపితే డబ్బు చాలదు రవీ. మైకు, స్టాండు, కేబులు వరకు వస్తాయి. ఇంటర్‌ఫేస్‌కి లేదు.

ప్రసాద్
రవి గారూ, ఒక్క ప్రశ్న. ఇవన్నీ కొన్నాక ఎవరింట్లో ఉంటాయి? సౌండు పేరుతో ప్రతిసారీ ఏదో ఒకటి కొంటున్నాం, మళ్లీ సంవత్సరం అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. సభ్యులు కష్టపడి ఇచ్చిన డబ్బు. ఫోన్లలోనే పాడి పంపించమంటే సరిపోదా?

రవి
ప్రసాద్ గారూ, మునుపు కొన్న సౌండు మిక్సర్ సంగతి అప్పుడే తేల్చుకున్నాం, మళ్లీ తవ్వొద్దు. నా సొంతానికి నేనేమీ అడగడం లేదు. నా మీద నమ్మకం లేకపోతే ఈ పని ఇంకెవరికైనా ఇవ్వండి, సంతోషంగా తప్పుకుంటాను.

వేణు
రవన్న తప్పుకుంటే నేనూ ఉండను. ఎవరు చేస్తారో చేసుకోండి.

మాధవి
ఆగండి ఆగండి. పిల్లలు రెండు నెలల నుంచి ప్రాక్టీసు చేస్తున్నారు. వాళ్లకి స్టూడియో లేదని ఇంకా చెప్పనే లేదు, నాకు ఆ టెన్షన్ చాలు. ప్రసాద్ గారు అడిగినదాంట్లో తప్పేముంది? వస్తువు కొంటే లెక్క రాయాలి. రవి చెప్పినదీ నిజమే. ఫోనులో పాడించి చూశాను. ఒక్కో ఫోను ఒక్కో రకంగా గొంతు తగ్గిస్తోంది, పెంచుతోంది. పల్లవి దగ్గర ఒక గొంతు, చరణం దగ్గర ఇంకో గొంతులా ఉంది. నలుగురివి కలిపితే అతకడం లేదు.

సుధ
మైకు, స్టాండు అసోసియేషన్ సామాన్ల పుస్తకంలో రాస్తాను. ఎవరు తీసుకెళ్లినా సంతకం. ఇక ఈ విషయం వదిలేద్దాం. రవీ, డైనమిక్ మైకుతో కుదరదా? స్టేజి మీద వాడే ఎస్ఎమ్58 మన దగ్గర ఉంది కదా?

రవి
మంచి ప్రశ్న అక్కా. గది చాలా గోలగా ఉంటే నేనే ఎస్ఎమ్58 అంటాను. 1966 నుంచి వస్తున్న మైకు, కిందపడినా చెక్కుచెదరదు. మూతికి దగ్గరగా పెట్టి పాడితే గది పెద్దగా వినపడదు. కానీ పిల్లల గొంతులో ఉండే సన్నటి గాలి, పదాల చివర్లు దాంట్లో మొద్దుబారతాయి. కండెన్సర్‌లో పొర చాలా పల్చన, చిన్న కదలికనీ పట్టేస్తుంది. అందుకే బాగుంటుంది, అందుకే ఫ్రిజ్జునీ పట్టేస్తుంది. కాబట్టి అసలు ప్రశ్న ఏ మైకు అన్నది కాదు, ఏ గది అన్నది. నిశ్శబ్దమైన చిన్న గది, బట్టలూ పుస్తకాలూ ఎక్కువగా ఉన్నది, ఎవరింట్లో ఉంది?

ప్రసాద్
మా ఇంట్లో కింద సామాన్ల గది ఉంది. కిటికీ లేదు. గోడ పొడుగునా పుస్తకాల బీరువాలు, ఇంకో పక్క చలికోట్లు. మా అబ్బాయి కాలేజీకి వెళ్తూ గిటార్ సామానంతా అక్కడే వదిలి వెళ్లాడు. అందులో ఎర్రటి చిన్న పెట్టె ఉంది, 48వీ అని బటన్ కనిపిస్తోంది. నువ్వంటున్నది ఇదేనా రవీ? వాణ్ని అడిగాను, వాడుకోమన్నాడు.

రవి
ఇదే ప్రసాద్ గారూ! ఇంకేం కావాలి. థాంక్సండీ. రేపు వచ్చి చూస్తాను.

వేణు
సెకండ్‌హ్యాండ్‌లో ఏటీ2020 ఒకటి దొరికింది. అమ్మేవాళ్ల దగ్గర బిల్లు కూడా ఉంది. పేరున్న మైకులకి నకిలీలు తిరుగుతుంటాయి కాబట్టి అక్కడే తగిలించి విన్నాకే డబ్బు ఇచ్చాను. మిగిలిన దాంతో పాప్ ఫిల్టర్ వస్తుంది. అన్నట్టు గోడలకి గుడ్ల అట్టలు అంటిద్దామా?

రవి
వద్దు. అవి పల్చటి అట్ట, శబ్దాన్ని పీల్చుకోవు. మందపాటి దుప్పట్లు రెండు తెండి. చాలామంది మైకు వెనకాల కడతారు. మైకు చూసేది మాత్రం పాడేవాళ్ల వైపు, వాళ్ల వెనక గోడ నుంచి తిరిగొచ్చే శబ్దమే నేరుగా లోపలికి వెళ్తుంది. కాబట్టి దుప్పటి పాడే మనిషి వీపు వెనక ఉండాలి. మైకు వీపు ఏమో హీటరు వైపు. ఇది కార్డియాయిడ్, వెనక నుంచి వచ్చేది చాలా తక్కువ పడుతుంది.

మాధవి (శనివారం సాయంత్రం)
మొదటి పాట అయింది. రవి చెప్పమన్నవి రాస్తున్నా, రేపు వచ్చేవాళ్లు చదువుకుని రండి.

ఈ మైకు పై కొన దగ్గర పాడేది కాదు, పక్క నుంచి పాడేది. కంపెనీ గుర్తు ఉన్న వైపు మీ ముఖం ఉండాలి. పొద్దున ఒక పాప వెనక వైపు నిలబడి ఒక చరణం మొత్తం పాడింది. ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు వినిపించింది. తిప్పి నిలబెట్టగానే అదే గొంతు మా పక్కనే ఉన్నట్టు వచ్చింది.

మైకుకి మీకు మధ్య జానెడు దూరం. మరీ దగ్గరికొస్తే గొంతు బొంగురుగా మందం అవుతుంది. ‘ప’, ‘భ’ వచ్చేచోట గాలి కొట్టకుండా ముఖం కొంచెం పక్కకి. గాజులు, గలగలలాడే నగలు తీసేసి రండి, అవి గొంతు కంటే స్పష్టంగా పడుతున్నాయి.

వేణూ, చెవులు మూసే హెడ్‌ఫోన్లు ఇంకో జత తీసుకురా. ఇవాళ్టి మామూలు ఇయర్‌ఫోన్లలోంచి ట్రాకు బయటికి వినపడి మైకులో పడింది. ఆ పాట మళ్లీ పాడించాలి.

వేణు
తెస్తాను అక్కా. ఒక సంగతి, పాడుతుంటే వాళ్ల గొంతు వాళ్లకే ఆలస్యంగా వినపడుతోందని ఇద్దరు అన్నారు. ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటర్ బటన్ నొక్కాక సరిపోయింది. ల్యాప్‌టాప్ చుట్టూ తిరిగి రాకుండా గొంతు నేరుగా చెవికి వస్తుంది.

రవి
ప్రసాద్ గారూ, రేపు నేను రావడం ఆలస్యమైతే మీరే మొదలుపెట్టండి. ముందు కేబులు తగిలించి, గెయిన్ పూర్తిగా తగ్గించి, ఆ తర్వాతే 48వీ. తీసేటప్పుడు ముందు 48వీ ఆపి కాసేపు ఆగి కేబులు లాగండి. పాటలో అన్నిటికంటే గట్టిగా వచ్చే చోటు పాడించి, మీటరు మైనస్ 12 నుంచి మైనస్ 6 మధ్య ఉండేలా గెయిన్ పెట్టండి. ఎర్ర లైటు ఒక్కసారి వెలిగినా ఆ ముక్క పనికిరాదు, తర్వాత బాగుచేయలేం. తక్కువగా పడితే భయం లేదు, 24 బిట్‌లో తీస్తున్నాం కాబట్టి పెంచుకోవచ్చు.

ప్రసాద్
రాసి గోడకి అంటించాను. హీటరు కూడా ఆపేశాను, కోట్లు వేసుకుని పాడతారు. నువ్వు నెమ్మదిగా రా రవీ.

సుధ (ఆదివారం రాత్రి)
మొదటి రెండు ఫైళ్లు హాలు వాళ్లకి పంపాను. వాళ్ల సిస్టంలో సరిగ్గా ప్లే అయ్యాయని జవాబొచ్చింది. మిగతావి కూడా 48 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైళ్లుగానే ఇవ్వండి, ఎంపీ3 వద్దన్నారు. మాధవీ, బుధవారం పెద్దవాళ్ల బృందగానానికి ఎవరెవరు వస్తున్నారో పేర్లు పెట్టు. ప్రసాద్ గారింటి తలుపు ఏడింటికి తెరిచి ఉంటుంది.