మోచేయి కీలు తప్పి ధమని తెగినవారు మళ్లీ కబడ్డీ ఆడారా?

మా తమ్ముడు కబడ్డీ రైడర్. పట్టు విడిపించుకోబోయి చాచిన చేతిమీద పడడంతో మోచేయి కీలు తప్పింది. కీలు సరిచేశాక కూడా అరచెయ్యి చల్లగా, పాలిపోయే ఉంది. మణికట్టు దగ్గర నాడి మాత్రం సన్నగా అందింది. నాడి ఉంది కదా అంటే, పక్క నాళాల గుండా రక్తం పారినా అలా తగలవచ్చని డాక్టర్ గారు చెప్పి సీటీ యాంజియోగ్రామ్ (రక్తనాళాల స్కాన్) తీయించారు. చేతికి రక్తం తీసుకెళ్లే ముఖ్యమైన నాళం, బ్రేకియల్ ధమని, తెగిందని తేలింది. కాలి నుంచి తీసిన సిరతో అతుకు వేశారు.

ఇప్పుడు చెయ్యి వెచ్చగానే ఉంది గానీ బొటనవేలు, చూపుడువేలి కొసలు ఇంకా మొద్దుబారే ఉన్నాయి. ఆట సంగతి తర్వాత చూద్దామన్నారు సర్జన్ గారు. వాడేమో పొద్దున లేస్తే అదే ధ్యాస!

ఇలాంటి ఆపరేషన్ తర్వాత కబడ్డీ, కుస్తీ వంటి ఆటలకు తిరిగి వెళ్లినవారు ఉన్నారా? మీకు వేళ్లలో స్పర్శ ఎప్పటికి వచ్చింది? అతుకు పరిస్థితి చూడడానికి డాప్లర్ పరీక్ష ఎన్నాళ్లకోసారి చేయించారు?