18 ఏళ్ల సర్వీసు తర్వాత ఎం.ఇడి. చేయాలా, వద్దా?

గణితం స్కూల్ అసిస్టెంట్, ప్రకాశం జిల్లా

అందరికీ నమస్కారం. నాది డీఎస్సీ-2006. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. వయసు 43. ఎం.ఇడి. (బి.ఇడి. తర్వాత చేసే పీజీ) చేయాలని మూడేళ్లుగా మనసులో ఉంది. ఇంట్లో అడిగినా, స్టాఫ్‌రూములో అడిగినా ఒకటే మాట, ‘ఇప్పుడెందుకు?’ అని.

ఎందుకో చెబుతాను. మొన్న ఆరో తరగతిలో 1/2 + 1/3 ఎంత అని అడిగితే సగం మంది 2/5 అని రాశారు. ఇది ఏటా జరిగేదే. క.సా.గు. తీయాలని మళ్లీ చెప్పి, నాలుగు లెక్కలు చేయించి, పాఠం ముందుకు నడిపిస్తాను. ఈసారి ఒక పాప లేచి, “సార్, ఒక స్లిప్ టెస్టులో 2కి 1, ఇంకోదాంట్లో 3కి 1 వస్తే మొత్తం 5కి 2 అని మీరే వేస్తారు కదా” అంది. నాకు జవాబు తోచలేదు. పాప అన్నది నిజమే, మార్కులు అలాగే కలుపుతాం. మరి భిన్నాలు అలా ఎందుకు కలపకూడదో ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా సరిగా చెప్పలేదని ఆ రోజు తెలిసింది. బెల్లు కొట్టేశారు. రాత్రి నిద్ర పట్టలేదు.

బి.ఇడి. చేసిన రోజుల్లో అది ఏడాది కోర్సు. చదివింది ఒకటి, బడిలో చేసింది ఒకటి. ఇప్పుడు మళ్లీ చదివితే ఇలాంటివి పట్టుకోగలనా? స్టడీ లీవ్ పెట్టి రెండేళ్లు వెళ్లడం మంచిదా? నిజం చెప్పండి.

రిటైర్డ్ హెచ్.ఎం., గుంటూరు

బాబూ, మీ తపన మంచిది. కానీ వద్దంటాను.

ముందు డబ్బు సంగతి. హెచ్.ఎం. ప్రమోషన్ సీనియారిటీని బట్టి వస్తుంది. దానికి బి.ఇడి., డిపార్ట్‌మెంటల్ టెస్టులు కావాలి. ఎం.ఇడి. ఉందని ఎవరినీ ఒక మెట్టు పైకి ఎక్కించరు.

అసలు సంగతి డబ్బు కాదు, మీ పదో తరగతి. నేను హెచ్.ఎం.గా ఉన్నప్పుడు మా లెక్కల టీచరు చదువుకోవడానికి సెలవు పెట్టారు. ఆయన బదులు ఎవరినీ ఇవ్వలేదు. సైన్సు మేడమ్ తన పీరియడ్లు చూసుకుంటూనే లెక్కలు కూడా చెప్పారు. ఆ ఏడాది లెక్కల్లో తప్పిన పిల్లల్లో ఇద్దరు మళ్లీ పరీక్ష రాయలేదు. ఒకడు తాపీ పనికి వెళ్లాడు, ఒక అమ్మాయికి పెళ్లి చేశారు. ఆయన పట్టా తెచ్చుకున్నారు, సంతోషం. ఆ ఇద్దరి సంగతి మాత్రం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

పాప అడిగిన ప్రశ్నకు జవాబు పక్క ఊరి సీనియర్ మాష్టారిని అడిగినా దొరుకుతుంది. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులు ఉన్నది అందుకే.

డైట్‌లో (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో) పనిచేస్తున్న లెక్చరర్

హెచ్.ఎం. గారి బాధ అర్థమైంది సార్. కానీ బదులు టీచరును ఇవ్వకపోవడం ప్రభుత్వం చేసిన తప్పు. ఆ బరువు చదువుకున్న టీచరు మీద వేయకూడదు.

నేనూ 14 ఏళ్లు హైస్కూల్లో చెప్పాకే ఎం.ఇడి. చేశాను. అప్పటికి అది ఏడాది కోర్సు. ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2014 నిబంధనలతో, 2015 నుంచి బి.ఇడి., ఎం.ఇడి. రెండూ రెండేళ్లు అయ్యాయి. ఇప్పుడు 80 క్రెడిట్లు, ఏడాదికి 200 పనిదినాలు, థియరీకి 80 శాతం హాజరు తప్పనిసరి. టీచర్లను తయారుచేసే సంస్థలో ఇంటర్న్‌షిప్ ఉంటుంది. చివర్లో డిసర్టేషన్, అంటే సొంత పరిశోధన రాసివ్వడం. ఎంట్రన్స్ ఆంధ్రాలో పీజీసెట్, తెలంగాణలో సీపీగెట్.

బి.ఇడి.లో పాఠం ఎలా చెప్పాలో నేర్పుతారు. ఎం.ఇడి.లో, మనం చెప్పింది పిల్లవాడి తలలో ఏమైందో చూడటం నేర్చుకుంటాం. 22 ఏళ్లకు ఎం.ఇడి.కి వచ్చిన పిల్లలకు ఇది పట్టుబడటం కష్టం. వాళ్లు ఇంకా తరగతిని చూడలేదు. సైకాలజీ పేపరు చదువుతున్నప్పుడు నా కళ్ల ముందు మా ఎనిమిదో తరగతి పిల్లలు కనబడేవారు. పేరుపేరునా.

మీ భిన్నాల సంగతే చూద్దాం. పిల్లలు 1/2ని ఒక సంఖ్యగా చూడటం లేదు, పైనొకటి కిందొకటి ఉన్న రెండు అంకెలుగా చూస్తున్నారు. మార్కుల్లో 2కి 1, 3కి 1 అన్నప్పుడు రెండు టెస్టులు వేరు, మొత్తమూ మారిపోతుంది. భిన్నాల్లో సగం రొట్టె, మూడో వంతు రొట్టె అన్నప్పుడు రొట్టె సైజు ఒకటే ఉండాలి. సగం రొట్టెకి ఇంకాస్త కలిపితే సగం కంటే తగ్గుతుందా అని అడగండి. 2/5 సగం కంటే తక్కువ! వాళ్లే ఆగి ఆలోచిస్తారు. ఈ మాట నేను చెప్పేశాను కాబట్టి మీకు ఎం.ఇడి. అక్కర్లేదని అనుకోకండి. ఏ పిల్లవాడు ఎందుకు తప్పు రాశాడో కనిపెట్టే పద్ధతి కోసమే ఆ రెండేళ్లు. మీరు అడిగిందే ఒక డిసర్టేషన్ ప్రశ్న.

పైగా డైట్‌లో లెక్చరర్ పోస్టుకి పీజీతో పాటు ఎం.ఇడి. అడుగుతారు. రేపటి టీచర్లకు చెప్పేవాళ్లలో బడి తెలిసినవాళ్లు ఉండాలా, వద్దా?

ప్రైవేటు స్కూలు టీచర్, హైదరాబాద్

నేను ఎం.ఇడి. చేశాను. చేశానని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. రెండేళ్లలో కాలేజీకి ఆరుసార్లు వెళ్లాను. ఫీజుతో పాటు ‘హాజరు’ కోసం వేరే డబ్బు కట్టించుకున్నారు. డిసర్టేషన్ జిరాక్స్ షాపు పక్కన ఒకతను తయారు చేసిచ్చాడు. ప్రశ్నావళికి జవాబులు రాసింది పిల్లలు కాదు, నేనూ మా ఆయనా కూర్చుని టిక్కులు పెట్టాం.

ఆ రోజుల్లో స్కూలు మానేస్తే ఇల్లు గడవదు. నా తప్పు లేదని అనను. మార్కుల మెమోలో ఫస్ట్ క్లాస్ ఉంది, ఇంటర్వ్యూలో ‘మీ పరిశోధన ఏమిటి’ అంటే నోరు పెగలలేదు. సార్, వెళితే పూర్తిగా వెళ్లండి. లేకపోతే అసలు వద్దు. మా కాలేజీ లాంటి చోట మాత్రం చేరొద్దు.

ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్), నల్గొండ

ఎవరూ టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) మాట ఎత్తలేదేంటి? 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది కదా. రిటైర్మెంటుకు ఐదేళ్లకు మించి సర్వీసు ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాస్ కావాలి. ఐదేళ్లలోపు ఉన్నవాళ్లు ఉద్యోగంలో కొనసాగొచ్చు, ప్రమోషన్ కావాలంటే వాళ్లకీ టెట్ ఉండాలి. 2006 డీఎస్సీ అంటే టెట్ పుట్టకముందు వచ్చినవాళ్లు. మా స్కూల్లో 47 ఏళ్ల మేడమ్ రాత్రి పదింటిదాకా సైకాలజీ బిట్లు చదువుతున్నారు, ఒకటే టెన్షన్. ముందు ఉద్యోగం నిలబెట్టుకోండి అన్నా. ఎం.ఇడి. ఎక్కడికీ పోదు.

ఆశ్రమ పాఠశాల టీచర్, పాడేరు వైపు

మధ్యలో ఇంకో దారి ఉంది. నేను ఇగ్నోలో ఎం.ఏ. ఎడ్యుకేషన్ చేశాను, దూరవిద్యలో. రెండేళ్ల కోర్సును నాలుగేళ్ల దాకా సాగదీయొచ్చు. సెలవు పెట్టలేదు. పుస్తకాలు ఇంగ్లిషులో ఉంటాయి, మొదటి ఏడాది నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. దీనితో కాలేజీ లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్ రాయొచ్చు. కానీ డైట్ పోస్టుకి ఎం.ఇడి. అడుగుతారు కాబట్టి దాన్ని దృష్టిలో పెట్టుకుంటే ఇది సరిపోదు.

మా పిల్లలు ఇంట్లో కువి మాట్లాడతారు, బడిలో తెలుగు పుస్తకం. ఒకటో తరగతిలో పలకని పిల్లల్ని మొద్దులనుకున్న రోజులు నాకున్నాయి. భాష గురించి చదివాక నా అభిప్రాయం మారింది. ఒక్క పేపరు నన్ను అంత మార్చింది.

2025లో ఎన్‌సీటీఈ ఇచ్చిన ముసాయిదాలో ఎం.ఇడి.ని మళ్లీ ఏడాది చేయాలని, ఉద్యోగంలో ఉన్న టీచర్లకు రెండేళ్ల పార్ట్‌టైం పెట్టాలని ఉంది. అది అమల్లోకి వస్తే మనలాంటివాళ్లకు మేలు. దాని కోసం సంఘాలు గట్టిగా అడగాలి.

రిటైర్డ్ హెచ్.ఎం., గుంటూరు

డైట్ లెక్చరర్ గారూ, ప్రభుత్వం తప్పే, ఒప్పుకుంటాను. కానీ ప్రభుత్వం మారేదాకా ఆ పిల్లలు పదో తరగతిలో ఆగరు కదా. మీరు చెప్పిన రొట్టె ఉదాహరణ చదివి, నేను 31 ఏళ్లు క.సా.గు. ఒక్కటే చెప్పానని గుర్తొచ్చి మనసు కలుక్కుమంది. ఇది మాత్రం నిజం. ఆ పార్ట్‌టైం వస్తే నా అభ్యంతరం పోతుంది. సాయంత్రం కాలేజీ, పొద్దున బడి. అలాగైతే వెళ్లమనే చెబుతాను.

గణితం స్కూల్ అసిస్టెంట్, ప్రకాశం జిల్లా

అందరికీ కృతజ్ఞతలు. హైదరాబాద్ మేడమ్, ఇంత నిజం మాకు చెప్పినందుకు మీకు ప్రత్యేకంగా. మా ఊరికి దగ్గరలోని ఒక కాలేజీవాళ్లు నాకూ అదే బేరం పెట్టారు. మీ పోస్టు చదివాక ఫోన్ చేసి వద్దని చెప్పేశాను.

ఈ ఏడాది టెట్ రాస్తాను. నా పదో తరగతి మార్చిలో పరీక్షలు రాసేదాకా సెలవు మాట ఎత్తను. తర్వాత పీజీసెట్. అప్పటికి పార్ట్‌టైం రాకపోతే స్టడీ లీవే పెడతాను, బదులు టీచరును ఇవ్వమని మండలంలో ఇప్పటినుంచే అడుగుతాను. హెచ్.ఎం. గారూ, ఆ అర్జీ ఎలా రాయాలో మీరు సాయం చేయాలి.

ఈ రోజు ఆరో తరగతిలో క.సా.గు. పక్కన పెట్టి రొట్టె బొమ్మ గీశాను. ఆ పాప చాలాసేపు చూసి, “అయితే టెస్టులు రెండూ ఒకే మార్కులకి పెడితే కలపొచ్చా సార్?” అంది. మళ్లీ ఆగిపోయాను. లెక్చరర్ గారూ, దీనికి మీరేమంటారు? పిల్లలు రాసిన 38 కాగితాలూ దాచి ఉంచాను.